హెర్నియా శస్త్రచికిత్స తరువాత ఆలస్యంగా ఇరుకయ్యే ప్రేగు

గజ్జలో గాని, బొడ్డు వద్ద గాని ఉబ్బిన హెర్నియాకు శస్త్రచికిత్స జరిగి, కుట్లు తీసి, గాయం మానిన తరువాత ఆ విషయం అంతటితో ముగిసిందని రోగి, కుటుంబసభ్యులు భావిస్తారు. చాలామంది విషయంలో అది నిజమే. కాని శస్త్రచికిత్సకు ముందు ప్రేగు ఆ ఉబ్బులో చిక్కుకొని బిగుసుకుపోయిన వారిలో కొద్దిమందికి, కొన్ని వారాలకో, రెండు మూడు నెలలకో, వేరొక బాధ మొదలవుతుంది. భోజనం చేసిన కొంతసేపటికి బొడ్డు చుట్టూ మెలిపెట్టే నొప్పి, ఉబ్బరం, కడుపులో గుడగుడ శబ్దం, ఆపై వాంతి. చిక్కుకొని విడుదలైన ప్రేగు భాగం లోపలి నుంచి క్రమంగా సన్నబడుతోందనడానికి ఇవి సూచనలు కావచ్చు.

ఇది అరుదైన సమస్య. అరుదు కావడం వల్లనే వైద్యులకు సైతం మొదట స్ఫురించదు. చెన్నైలో నివసించే తెలుగువారి విషయంలో దీనికి మరొక చిక్కు తోడవుతుంది. మొదటి శస్త్రచికిత్స ఒక రాష్ట్రంలో, తరువాతి బాధ మరొక రాష్ట్రంలో. మొదటి వైద్యుడు చూసినది రెండవ వైద్యునికి తెలిసే మార్గం రోగి నోటి మాట, రోగి చేతిలోని కాగితం తప్ప వేరొకటి లేదు.

ఉదాహరణకు శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి పాత మహాబలిపురం రోడ్డు ప్రాంతంలో భవన నిర్మాణంలో పనిచేసే ఒక కూలీని ఊహించుకుందాం. గజ్జలో ఉబ్బు రెండేళ్ళుగా ఉంది. పడుకొని చేత్తో నొక్కితే లోపలికి పోతుంది గనుక పట్టించుకోలేదు. పండుగకు ఊరు వెళ్ళినప్పుడు ఒక రాత్రి అది గట్టిపడి, ఎంత నొక్కినా లోపలికి పోక, భరించరాని నొప్పితో వాంతులు పట్టుకున్నాయి. తెల్లవారి దగ్గరి పట్టణంలో శస్త్రచికిత్స చేశారు. ప్రేగు నల్లబడలేదని, కోయవలసిన అవసరం రాలేదని ఇంటివారికి చెప్పారు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నెల తిరిగేసరికి అతడు మళ్ళీ చెన్నైలో పనిలో చేరాడు. ఆ తరువాత అన్నం తిన్న గంటకు కడుపునొప్పి. ఒక మందుల షాపులో గ్యాస్ మాత్రలు ఇచ్చారు, ఒక క్లినిక్‌లో అల్సర్ అన్నారు, మరొకచోట నోటి ద్వారా ఎండోస్కోపీ చేసి అంతా సవ్యంగానే ఉందన్నారు. ఈ మూడు చోట్లా హెర్నియా సంగతి ఎవరూ అడగలేదు. కడుపునొప్పికీ గజ్జలో మానిపోయిన గాయానికీ సంబంధం ఉంటుందని తోచక అతడూ చెప్పలేదు. ఇంతలో ఎనిమిది కిలోల బరువు తగ్గాడు.

ప్రేగులో జరిగేది ఏమిటి

ఉదర కండరాల గోడలో బలహీనమైన చోట ఏర్పడిన రంధ్రం గుండా లోపలి భాగాలు బయటికి పొడుచుకొని రావడమే హెర్నియా. తమిళంలో దీనిని కుడలిరక్కం అంటారు. ప్రేగు కిందికి దిగడం అని దాని అర్థం. ఊళ్ళలో బుడ్డ అనే ఒక్క మాట హెర్నియాకూ, నీరు చేరిన వరిబీజానికీ చెల్లుతుంది. ఆసుపత్రిలో మాత్రం ఈ రెండింటినీ కలిపి చెప్పకూడదు. వరిబీజంలో ప్రేగు ఉండదు, అది బిగుసుకుపోయే ప్రమాదమూ లేదు.

హెర్నియా రంధ్రం అంచు గట్టిగా ఉండి, బయటికి వచ్చిన ప్రేగు వెనక్కి పోలేని స్థితి ఏర్పడితే, ఉంగరం వేలికి బిగిసినట్లు అది ప్రేగును నొక్కుతుంది. ముందుగా పలుచని గోడలుగల సిరలు మూసుకుపోతాయి. రక్తం లోపలికి వస్తుంది గాని బయటికి పోదు. ప్రేగు వాచి, ఆ వాపు వల్ల మరింత బిగుసుకొని, చివరకు ధమనులలోని రక్తం కూడా ఆగిపోతుంది. ఇదంతా గంటల వ్యవధిలో జరిగిపోవచ్చు.

ప్రేగు గోడ ఒకే పొర కాదు. అన్నిటికంటె లోపల ఆహారసారాన్ని పీల్చుకొనే మెత్తని పొర, దాని వెలుపల రక్తనాళాలతో నిండిన పొర, ఆపై కండరం, అన్నిటికంటె పైన నున్నగా మెరిసే పలుచని తొడుగు. నిరంతరం పనిచేసే లోపలి పొరకు రక్తం అవసరం ఎక్కువ. అందువల్ల రక్తం ఆగినప్పుడు మొదట చచ్చిపోయేది అదే. కండరమూ పైతొడుగూ మరికొంత సమయం ఓర్చుకుంటాయి.

శస్త్రచికిత్సకుడు బిగువును విడిపించిన తరువాత ప్రేగును వెచ్చని తడిగుడ్డతో కప్పి కొన్ని నిమిషాలు వేచి చూస్తాడు. నీలిరంగు పోయి ఎరుపు తిరిగి వచ్చిందా, మెరుపు ఉందా, రక్తనాళాలు కొట్టుకుంటున్నాయా, తాకితే ప్రేగు కదులుతోందా అని పరీక్షిస్తాడు. ఈ గుర్తులన్నీ ఉంటే ప్రేగు బ్రతికి ఉన్నదని నిర్ణయించి ఉదరంలోకి పంపుతాడు. ఈ నిర్ణయంలో తప్పు లేదు. బ్రతికిన ప్రేగును కోసివేయడం రోగికి అనవసరమైన ప్రమాదం. అయితే కంటికి కనిపించేది పైతొడుగు మాత్రమే. లోపలి పొర ఎంత మేరకు దెబ్బతిన్నదో బయటి రంగు చెప్పలేదు. ఆలస్యంగా వచ్చే ఇరుకుకు మొదటి వైద్యుని నిర్లక్ష్యమే కారణమని రోగి బంధువులు తలచడం సహజమే గాని, చాలా సందర్భాలలో అది న్యాయమైన నింద కాదు.

లోపలి పొర చచ్చిన చోట పుండు పడుతుంది. పుండు మానేటప్పుడు అక్కడ మచ్చ ఏర్పడుతుంది. మచ్చకు ముడుచుకొనే స్వభావం ఉంది. కాలిన చేయి మానేటప్పుడు చర్మం లాగుకొనిపోయి వేళ్ళు వంగిపోవడం చూసినవారికి ఇది వెంటనే బోధపడుతుంది. చేతి మీద అది వేలిని వంచుతుంది. గొట్టం వంటి ప్రేగులో చుట్టూరా ఏర్పడితే దారిని మూస్తుంది. మచ్చ ముడుచుకోవడానికి వారాలు పడుతుంది గనుక బాధ కూడా వారాల తరువాతనే బయటపడుతుంది.

మరొక కారణం కూడా ఉంది. చిన్నప్రేగులో ప్రవహించేది ద్రవం. దారి సగానికి తగ్గినా గంజి, మజ్జిగ, మెత్తని ఇడ్లీ దాటిపోతాయి. శస్త్రచికిత్స అయిన తొలి వారాలలో రోగి తినేదీ అవే. అతడు పనిలో చేరి మామూలు అన్నం, మాంసం, పీచు ఎక్కువగా ఉండే కూరలు తినడం మొదలుపెట్టినప్పుడే ఇరుకు తెలిసివస్తుంది. కొత్త ఊరి తిండి పడలేదని, హోటలు భోజనం వల్లనని రోగి అనుకోవడానికి ఇది బాగా ఆస్కారమిస్తుంది.

చేత్తో నెట్టినప్పటి ప్రమాదం

ఈ పరిణామాన్ని 1892లో స్విస్ శస్త్రచికిత్సకుడు కార్ల్ గారే వివరించి ప్రకటించాడు. వైద్య గ్రంథాలలో నేటికీ ఇది ఆయన పేరుతో గారే స్టెనోసిస్ అని వ్యవహారంలో ఉంది. చీముగడ్డలకు కారణమయ్యే సూక్ష్మజీవులను తన చేతికే రుద్దుకొని, గడ్డలు లేపించుకొని, రుజువు చూపిన మనిషి ఆయన. ఆయన ఈ ఇరుకును వర్ణించేనాటికి ఎక్స్-రే ఇంకా కనుగొనబడలేదు. అది 1895 నాటి సంగతి. రోగి చెప్పిన పూర్వ వృత్తాంతం, వైద్యుని చేతి స్పర్శ, కత్తి తెరిచి చూపినది - ఇవే నాటి ఆధారాలు.

ఆ కాలంలో బిగుసుకున్న హెర్నియాను చేత్తో నొక్కి లోపలికి పంపడం సాధారణ చికిత్స. నేడు కూడా తగిన సందర్భాలలో, నొప్పి తగ్గించే మందు ఇచ్చి, వైద్యులు ఆ పని చేస్తారు. రోగి ఇంటిలోనే నొక్కుకోవడం మాత్రం వేరు. గట్టిపడి, ఎర్రబడి, నొప్పిగా ఉన్న ఉబ్బును బలవంతంగా నెడితే చచ్చిన ప్రేగు కూడా లోపలికి పోయి ఉదరమంతా చీము పట్టవచ్చు. అదృష్టవశాత్తు అంత జరగకపోయినా, దెబ్బతిన్న ఆ ప్రేగును ఎవరి కళ్ళూ చూడవు. కొన్నాళ్ళకు తీరికగా వల అమర్చే శస్త్రచికిత్స చేసినప్పుడు సంచి ఖాళీగా కనిపిస్తుంది. కాగితం మీద అంతా సవ్యంగా జరిగిన సామాన్య హెర్నియా అనే నమోదవుతుంది. ఒక రాత్రి అది నాలుగైదు గంటలు బిగిసి ఉన్న సంగతి రోగి జ్ఞాపకంలో తప్ప ఎక్కడా ఉండదు. అందువల్ల ఎప్పుడు బిగిసింది, ఎన్ని గంటలు, ఎలా లోపలికి పోయింది అనే మూడు మాటలు వైద్యునికి తప్పక చెప్పాలి. శస్త్రచికిత్స చీటీలో అవి లేకపోతే మరింత తప్పనిసరి.

ఏ నొప్పిని అనుమానించాలి

శస్త్రచికిత్స అయిన తొలి రెండు మూడు రోజులలో ప్రేగులు మందగించి కడుపు ఉబ్బడం, నొప్పి మాత్రల వల్ల మలబద్ధకం రావడం వేరు. అవి రోజురోజుకూ తగ్గుతాయి. ఇరుకు వల్ల వచ్చే బాధ రోజురోజుకూ పెరుగుతుంది. అది భోజనాన్ని అనుసరించి వస్తుంది, అలలు అలలుగా ఉంటుంది, గుడగుడమని శబ్దంతోనో వాంతితోనో కొంత శమిస్తుంది. తింటే నొప్పి వస్తుందన్న భయంతో రోగి తిండి తగ్గిస్తాడు. బరువు తగ్గడానికి అదే ముఖ్య కారణం. ఆమ్లాన్ని తగ్గించే మాత్రలతో రెండు మూడు వారాలైనా మార్పు లేకపోతే అది గ్యాస్ కాదేమోనని ఆలోచించాలి.

హెర్నియా తరువాత ప్రేగుకు అడ్డు తగలడానికి వేరే కారణాలూ ఉన్నాయి. ప్రేగులు ఒకదానికొకటి అతుక్కోవచ్చు, హెర్నియా మళ్ళీ రావచ్చు, అమర్చిన వలకు ప్రేగు అంటుకోవచ్చు. వీటిని విడదీసి గుర్తించడం వైద్యుల పని. రోగి చేయవలసినది పాత సంగతి చెప్పడం.

అన్నిటికంటె పెద్ద పొరపాటు క్షయ విషయంలో జరిగే అవకాశం ఉంది. భారతదేశంలో చిన్నప్రేగు ఇరుకైందనగానే మొదట గుర్తుకు వచ్చేది ప్రేగుల క్షయ, అది సహేతుకమే. ముఖ్యంగా చిన్నప్రేగు పెద్దప్రేగును కలిసే చోట క్షయ పుండ్లు పడి, మానుతూ దారిని ఇరుకు చేస్తుంది. చెన్నై నగరానికి క్షయ పరిశోధనలో పెద్ద పేరుంది. 1956లో ఇక్కడ స్థాపించిన క్షయ పరిశోధన కేంద్రమే నేడు చేట్‌పట్‌లోని జాతీయ క్షయ పరిశోధన సంస్థ. రోగిని శానటోరియంలో ఉంచనవసరం లేకుండా ఇంటివద్దనే మందులతో నయం చేయవచ్చని లోకానికి చూపినది ఆ సంస్థ పరిశోధనే. ఆ మందులు క్షయకు అమోఘంగా పనిచేస్తాయి. కాని మచ్చ వల్ల ముడుచుకున్న ప్రేగును ఏ మందూ తెరవలేదు. నిర్ధారణ లేకుండా ఆరు నెలలు మందులు వాడితే, ఆ ఆరు నెలలూ ఇరుకు అలాగే ఉంటుంది, రోగి మరింత చిక్కిపోతాడు. దీనికి తిరుగు కూడా గమనించాలి: హెర్నియా ఆపరేషన్ జరిగింది గనుక ఇది క్షయ కాదని రోగి తనంతట తాను తీర్మానించుకొని మందులు మానరాదు. సాయంకాలపు జ్వరం, రాత్రి చెమటలు, ఇంటిలో క్షయ ఉన్నవారు - ఇవి ఉంటే ఆ పరీక్షలు తప్పక జరగాలి. రెండు సంగతులూ వైద్యుని ముందు ఉంచితే ఆయన తగిన పరీక్షలతో తేల్చగలడు.

పరీక్షలు, చికిత్స

ఎండోస్కోపీ బాగుందన్న నివేదికతో చాలామంది నిశ్చింత పడతారు. నోటి ద్వారా పంపే సాధారణ ఎండోస్కోపీ జీర్ణాశయం దాటి చిన్నప్రేగు మొదటి భాగం వరకే చూస్తుంది. కింది నుంచి చేసే కొలనోస్కోపీ పెద్దప్రేగును, చిన్నప్రేగు చివరి కొద్ది భాగాన్ని చూస్తుంది. ఈ రెంటి నడుమ మీటర్ల కొద్దీ చిన్నప్రేగు చూడబడకుండానే మిగిలిపోతుంది. హెర్నియాలో చిక్కుకొనేది తరచుగా ఆ నడిమి భాగమే. దానిని చూడడానికి రంగుమందు ఇచ్చి తీసే సీటీ స్కాన్, లేదా బేరియం వంటి ద్రవం తాగించి తీసే ఎక్స్-రేలు ఉపకరిస్తాయి. ఇరుకుకు ముందు ప్రేగు ఉబ్బి, తరువాత సన్నబడి ఉండడం వాటిలో కనిపిస్తుంది. మింగే చిన్న కెమెరా బిళ్ళతో కూడా చిన్నప్రేగును చూస్తారు గాని, ఇరుకు ఉన్నచోట ఆ బిళ్ళే చిక్కుకోవచ్చు. కడుపునొప్పితో ఆ పరీక్షకు సిద్ధమయ్యేవారు పాత హెర్నియా సంగతి ముందే చెప్పడానికి ఇది మరొక కారణం.

ఇరుకు నిర్ధారణ అయితే సాధారణంగా ఆ భాగాన్ని కోసి తీసివేసి, రెండు ఆరోగ్యకరమైన కొనలను కలిపి కుడతారు. తీసేది సాధారణంగా చిన్న ముక్క గనుక జీర్ణశక్తికి లోటు రాదు. రెండవ ఆపరేషన్ అనగానే రోగులు జంకడం, మళ్ళీ ఊరు వెళ్ళి చేయించుకుంటామని వాయిదా వేయడం సాధారణం. ప్రయాణం చేయగల స్థితిలో ఉంటే, ఊరిలో చూసుకొనేవారు ఉంటే, అది అసమంజసం కాదు. వాంతులు ఆగని స్థితిలో రాత్రి రైలెక్కడం మాత్రం ప్రాణాపాయం.

చెన్నైలో ఎక్కడికి వెళ్ళాలి, ఏమి చెప్పాలి

ముందుగా దగ్గరలోని నగరపాలక సంస్థ పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించుకొని, అక్కడి నుంచి పెద్ద ఆసుపత్రికి చీటీ తీసుకోవచ్చు. సెంట్రల్ స్టేషన్ ఎదుట రాజీవ్ గాంధీ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి, ఉత్తర చెన్నైలో స్టాన్లీ, ఇంకా కీల్పాక్కం, రాయపేట ప్రభుత్వ ఆసుపత్రులలో శస్త్రచికిత్స విభాగాలు ఉన్నాయి. ఉత్తర చెన్నై పాతకాపులు స్టాన్లీని ఇప్పటికీ కంజి తొట్టి ఆసుపత్రి అంటారు. 1782 నాటి కరవులో అక్కడ గంజి పోసిన సత్రం నుంచి ఆ పేరు వచ్చింది. ఆటోవారికి ఆ పేరు చెప్పినా తీసుకుపోవచ్చు. ఉదయం వేళ అవుట్‌పేషెంట్ విభాగంలో చూస్తారు. అత్యవసరమైతే రాత్రింబగళ్ళు ఎప్పుడైనా చేర్చుకుంటారు. 108 అంబులెన్సుకు రుసుము లేదు. సొంత రాష్ట్రపు ఆరోగ్య కార్డు, తమిళనాడు ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా పథకం తమకు వర్తిస్తాయో లేదో ఆసుపత్రిలోని బీమా కౌంటరులో అడగాలి. కార్డు లేదని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళడం మానుకోకూడదు.

తమిళం రానివారికి కొద్ది మాటలు చాలు. వయిత్తు వలి అంటే కడుపునొప్పి, వాంది అంటే వాంతి, వీక్కం అంటే వాపు, మలచ్చిక్కల్ అంటే మలబద్ధకం. సాప్పిట్ట పిరగు అంటే తిన్న తరువాత. కుడలిరక్కం ఆపరేషన్ అని చెప్పి గాయపు గుర్తు చూపితే వైద్యునికి ముఖ్యమైన సంగతి చేరినట్లే.

మొదటి ఆసుపత్రి ఇచ్చిన డిశ్చార్జి సమ్మరీ అన్నిటికంటె విలువైనది. దానిని ఊరిలో ఇనప్పెట్టెలో దాచి రావడం కంటె, ఫోటో తీసి ఫోనులో ఉంచుకొని, ఇంటివారి ఫోనుకు కూడా పంపడం మేలు. హెర్నియా ఆపరేషన్ ఇంకా ముందున్నవారు ఇంటికి వచ్చే రోజున కొన్ని సంగతులు అడిగి అందులో వ్రాయించుకోవచ్చు: సంచిలో ప్రేగు ఉన్నదా, దాని రంగు ఎలా ఉన్నది, ఎంతసేపటికి మామూలు రంగు వచ్చింది, ఏమైనా కోసి తీశారా, వల అమర్చారా. కాగితం పోయినవారు పాత ఆసుపత్రికి ఊరివారిని పంపి నకలు అడగాలి. అదీ దొరకకపోతే ఆనాడు వెంట ఉన్న కుటుంబసభ్యుడిని ఫోనులో వైద్యునితో మాట్లాడించడం మరొక మార్గం. ప్రేగు నల్లగా ఉండి తరువాత ఎర్రబడిందని అన్నారు అనే ఒక్క మాట పరీక్షల దారినే మార్చగలదు.

నొప్పి అలలుగా కాక ఎడతెగకుండా ఉండడం, ఆకుపచ్చని లేదా దుర్వాసనగల వాంతులు, కడుపు బిగుసుకొని ఉబ్బడం, మలమే గాక అపానవాయువు కూడా ఆగిపోవడం, జ్వరం - వీటిలో ఏది కనిపించినా మరునాటి అవుట్‌పేషెంటు కోసం ఆగకుండా ఆ క్షణమే బయలుదేరాలి. ఏమీ తినకూడదు. ఆముదం తాగించడం, విరేచనపు మాత్రలు ఇవ్వడం, ఎనిమా చేయడం ఈ స్థితిలో హానికరం. మూసుకున్న దారి మీద ఒత్తిడి పెరిగి ప్రేగు చిల్లుపడవచ్చు.

ఇరుకైన ప్రేగు తీసివేసిన తరువాత ఆ ముక్కను సూక్ష్మదర్శిని పరీక్షకు పంపుతారు. నివేదిక రావడానికి కొన్ని రోజులు పడుతుంది, అప్పటికి రోగి ఇంటికి వెళ్ళి ఉంటాడు. ఇరుకుకు కారణం పాత హెర్నియా గాయమా, క్షయా, మరేదైనా వ్యాధా అన్నది నిశ్చయంగా తేలేది దానిలోనే. మందులు వాడాలా, అక్కరలేదా అన్నది కూడా దానిని బట్టే ఉంటుంది గనుక, కుట్లు తీయించుకోవడానికి వెళ్ళిన రోజున ఆ నివేదిక అడిగి తీసుకొని, మొదటి డిశ్చార్జి సమ్మరీతో కలిపి భద్రపరచుకోవాలి.